బిళ్ళగన్నేరు: పెరటి పూవు, ఆసుపత్రి మందు

మన గ్రామములలో బిళ్ళగన్నేరు లేని పెరడు అరుదు. గోడవారను, నూతిగట్టు ప్రక్కను, బడి ఆవరణలోను, తుదకు శ్మశానపు దారిలోను గూడ ఇది తనంతట మొలచి, ఎవరును నీరు పోయకుండగనే పూయుచుండును. ఎండలు ముదిరి తక్కిన పూలమొక్కలు వాడు వైశాఖమున గూడ దీనికి పూవు తప్పదు. అందుచేతనే దీనికి నిత్యకల్యాణి అను మరియొక పేరు గలిగినది. ఇంత సులభముగా దొరకు వస్తువు నెవరును లక్ష్యపెట్టరు. మనమును చాలకాలము దీనిని లక్ష్యపెట్టలేదు.

ఇప్పుడు స్థితి మారినది. ఈ మొక్కను గురించి పల్లెలలో రెండు మాటలు తరచుగా వినవచ్చుచున్నవి. ఒకటి: "ఆకును రోజూ పరగడుపున నమిలినచో చక్కెర వ్యాధి పోవును, కాన్సరు దగ్గరకు రాదు." రెండవది: "దీని ఆకులును, వేళ్ళును మందుల కంపెనీలకు కావలెను, ఎకరము వేసినచో లక్షలు వచ్చును." ఈ రెండు మాటలలోను కొంత నిజము కలదు. ఆ కొంత నిజమును చూచియే జనులు మిగిలినదానిని గూడ నమ్ముచున్నారు. కావున ఇందు నిజమెంతో, మనము చేయవలసినదేమో రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును విన్నవించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ మొక్క ఎక్కడిది?

బిళ్ళగన్నేరు మన దేశపు మొక్క గాదు. దీని జన్మస్థానము ఆఫ్రికాకు తూర్పున నున్న మడగాస్కరు ద్వీపము. 18వ శతాబ్ది మధ్యభాగమున దీని విత్తనములు పారిసులోని రాజోద్యానమునకును, అచ్చటినుండి లండనులోని చెల్సీ తోటకును చేరినవి. పిమ్మట ఓడల వెంట ఉష్ణదేశము లన్నిటికిని వ్యాపించినది. 1759లో లినేయసు దీనికి వింకా రోజియా అని పేరు పెట్టెను. నేటి శాస్త్రనామము కాథరాంథసు రోజియసు. నర్సరీలవారు నేటికిని దీనిని వింకా అనియే పిలుచుచున్నారు.

ఈ చరిత్ర తెలిసికొనుటవలన ఒక లాభము కలదు. "ఇది చరకుడు చెప్పిన మందు, సుశ్రుతుడు వాడిన మందు" అని చెప్పి పొడులు అమ్మువారు మీ ఊరికి వచ్చినచో, ఆ గ్రంథములు పుట్టిన కాలమున ఈ మొక్క మన దేశముననే లేదని మీరు వారికి చెప్పవచ్చును.

పేరులో నున్న ప్రమాదము

మన భాషలో గన్నేరు అను పేరు ముఖ్యముగా మూడు మొక్కలకు కలదు. ఎఱ్ఱ, తెలుపు పూలు పూయు గన్నేరు ఒకటి, పసుపుపచ్చని గంటలవంటి పూలు పూయు పచ్చగన్నేరు రెండవది, బిళ్ళగన్నేరు మూడవది. మూడును ఒకే కుటుంబమునకు చెందినవియే. కాని గన్నేరు, పచ్చగన్నేరులలోని విషము గుండెమీద పనిచేయును. పచ్చగన్నేరు పప్పు తిని ప్రాణములు పోగొట్టుకొన్నవారి సంగతి మన పల్లెలలో వినని వారుండరు.

"గన్నేరాకు రసము చక్కెర వ్యాధికి మంచిదట" అను మాట ఒక నోటినుండి మరియొక నోటికి పోవునప్పుడు "బిళ్ళ" అను ముక్క జారిపోయినచో ఏమగునో ఊహించుడు. కావున గుర్తులు తెలిసియుండవలెను. బిళ్ళగన్నేరు మోకాలెత్తు, మహా అయిన నడుమెత్తు పెరుగు చిన్న మొక్క. ఆకులు కోలగా, నునుపుగా, జంటలుజంటలుగా నుండి, నడిమి ఈనె తెల్లగా కనబడును. పూవునకు అయిదు రేకులుండి, బిళ్ళవలె చదునుగా విప్పుకొనును. గన్నేరు మనిషెత్తును మించిన పొద. ఆకులు పొడవుగా, సన్నగా, దళసరిగా నుండి, సాధారణముగా కణుపునకు మూడేసి వచ్చును. ఈ భేదమును బడిపిల్లలకు నేర్పుట యెంతయు అవసరము.

పూర్వులు వాడిన విధము

బిళ్ళగన్నేరు పోయిన ప్రతి దేశమునందును జనులు దానిని మందుగా వాడి చూచిరి. కందిరీగ కుట్టినచోట ఆకు పసరు పూయుట మన దేశపు వాడుక. స్త్రీల అధిక ఋతుస్రావమునకు ఆకు కషాయము కొన్ని ప్రాంతములలో ఇచ్చెడివారు. జమైకాలోను, దక్షిణాఫ్రికాలోను, ఫిలిప్పైనులలోను చక్కెర వ్యాధికి ఆకు కషాయము త్రాగెడివారు. మనవారు తెల్లపూల మొక్కయే శ్రేష్ఠమని యెంచి, దాని ఆకులు నాలుగైదు ఉదయముననే నమలుట అలవాటు చేసికొనిరి.

ఈ వాడుకలను మూఢవిశ్వాసములని కొట్టివేయుట న్యాయము గాదు. ఇన్ని దేశములవారు ఈ ఆకును వాడుచుండుట చూచియే శాస్త్రజ్ఞుల దృష్టి దానిమీదికి మళ్ళినది. కాని వారు వెదకిన దొకటి, దొరకిన దింకొకటి. ఆ కథ తెలిసికొనదగినది.

ఒక కవరులో వచ్చిన ఆకులు

1952లో జమైకానుండి ఒక కవరులో సుమారు 25 బిళ్ళగన్నేరాకులు కెనడాకు చేరినవి. వానిని పరీక్షించినవాడు రాబర్టు నోబుల్ అను వైద్యశాస్త్రజ్ఞుడు. ఈ ఆకు కషాయము చక్కెర వ్యాధిని తగ్గించునా అనునదియే ఆయన ప్రశ్న. ఎలుకలకు కషాయమును త్రాగించి చూచెను. రక్తములోని చక్కెర తగ్గలేదు. అదే సారమును సూదిద్వారా ఎక్కించి చూడగా, చక్కెర తగ్గలేదు సరిగదా, ఎలుకలు కొద్ది దినములలోనే అంటురోగములు సోకి చచ్చిపోయినవి. కారణ మరయగా, రోగములతో పోరాడు తెల్లరక్తకణములు వాని నెత్తురులో విపరీతముగా తగ్గిపోయినవని తేలినది.

మరియొకడైనచో ఆకులను పారవేసి యుండును. నోబుల్ అట్లు చేయలేదు. తెల్లకణములు మితిమీరి పెరుగు రక్తపు కాన్సరునకు ఇదియే మందు కావచ్చునుగదా అని ఆలోచించెను. రసాయనవేత్త చార్లెసు బీరు 1954లో ఆయనతో చేరి, ఆకులోనుండి ఆ పదార్థమును వేరుచేసెను. దానికే విన్‌బ్లాస్టిను అని పేరు. 1958లో వారు దీనిని లోకమునకు వెల్లడించిరి. అదే కాలమున అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వోబోడా మొదలగువారు వేరుగా పరిశోధన చేసి, ఇదే మొక్కనుండి విన్‌క్రిస్టిను అను రెండవ మందును గూడ తీసిరి. 1963లో అమెరికా ప్రభుత్వము విన్‌క్రిస్టిను వాడుకకు అనుమతి నిచ్చెను.

1950 ప్రాంతమున రక్తపు కాన్సరు సోకిన పిల్లలు బ్రతికి బయటపడుట బహు అరుదు. నేడు మంచి చికిత్స దొరకుచోట్ల పిల్లలలో ఎక్కువగా వచ్చు రకపు రక్తపు కాన్సరునుండి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా బయటపడుచున్నారు. ఈ మేలు అనేక మందులు కలిపి చేసిన మేలు. అయినను, ఆ మందుల వరుసలో విన్‌క్రిస్టిను నేటికిని ముందునే యున్నది. మన పెరటి పూవు చేసిన ఉపకార మిట్టిది.

ఆకులో ఏమున్నది?

బిళ్ళగన్నేరులో ఆల్కలాయిడులను చేదు పదార్థములు నూటముప్పదికి పైగా కలవు. పశువులు ఈ మొక్కను ముట్టకపోవుటకు ఆ చేదే కారణము. మొక్క వీనిని మనకొరకు తయారుచేయుట లేదు. పురుగులనుండి, పశువులనుండి తన్ను తాను కాపాడుకొనుటకు చేసికొనుచున్నది.

విన్‌బ్లాస్టిను రెండు భాగములు కలసి యేర్పడిన పదార్థము. ఒక భాగము పేరు కాథరాంథిను. రెండవదాని పేరు విండోలిను. మొక్క మొదటిదానిని ఆకు పైనుండు మైనపు పొరలోనికి పంపివేయును. రెండవదానిని ఆకు లోపలి కణములలో దాచుకొనును. ఈ రెండును కలసిన గాని విన్‌బ్లాస్టిను పుట్టదు. ఇల్లు వేరైన అన్నదమ్ములవలె ఇవి కలియుట అరుదు కనుకనే ఆకులో ఆ మందు అత్యల్పముగా నున్నది. విన్‌క్రిస్టిను దానికి మిక్కిలి దగ్గరి చుట్టము. నిర్మాణములో భేదము స్వల్పమే. అది ఇంకను తక్కువగా నుండును.

ఇవి పనిచేయు విధ మిట్టిది. మన శరీరములో ఒక కణము రెండుగా చీలునప్పుడు లోపల సన్నని నాళికలు దారములవలె ఏర్పడి, వంశలక్షణములు గల పోగులను చెరియొక వైపునకు లాగి పంచిపెట్టును. ఈ మందులు ఆ నాళికలను కట్టుకొననీయవు. పంపకము జరుగదు, కణము చచ్చును. కాన్సరు కణములు త్వరత్వరగా చీలును గనుక దెబ్బ వానికి ముందు తగులును. కాని ఎముకల మూలుగలో రక్తము పుట్టించు కణములును, వెండ్రుకల కుదుళ్ళును గూడ అట్లే చీలును గదా! అవియును దెబ్బతినును. విన్‌క్రిస్టిను నరములను గూడ బాధించి, చేతులకు కాళ్ళకు తిమ్మిరి గలిగించును. అందుచేతనే వైద్యులు రోగి బరువును, ఎత్తును కొలిచి, రక్తము పరీక్షించి, నరములోనికి మాత్రమే, మిల్లీగ్రాములలో లెక్కించి యిచ్చుచున్నారు.

ఇక వేళ్ళ సంగతి. వేళ్ళలో అజ్మలిసిను, సర్పెంటిను అను ఆల్కలాయిడులు ఎక్కువగా నుండును. సర్పగంధి వేళ్ళలో నుండు పదార్థములును ఇట్టివే. అజ్మలిసినును రక్తప్రసరణకు సంబంధించిన మందులలో వాడిరి. రైతు అమ్మిన ఎండువేళ్ళకు వెల వచ్చుట దీనివలననే.

ఒక చిన్న లెక్క

రైతు లెక్క తెలిసినవాడు కనుక ఒక లెక్క చెప్పెదను. ఒక గ్రాము విన్‌బ్లాస్టిను తీయుటకు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలెను. ఒక గ్రాము విన్‌క్రిస్టినునకు సుమారు 2,000 కిలోలు కావలెను. వర్షాధారపు సాగులో ఎకరమునకు సుమారు 800 కిలోల ఎండుటాకు వచ్చును. అనగా ఎకరపు ఆకునంతయు పిండినను విన్‌క్రిస్టిను అరగ్రాము గూడ రాదు. పెద్దవారికి ఒక పర్యాయ మిచ్చు మోతాదు సాధారణముగా 2 మిల్లీగ్రాములకు మించదు. ఆ విధముగా చూచినచో ఎకరపు ఆకు రమారమి ఇన్నూరు మోతాదులగును.

ఇప్పుడు ఇదే లెక్కను తిరుగవేసి చూడుడు. కాన్సరునకని ఎవరైన ఆకు నమిలినచో, ఒక్క మోతాదు మందు లోనికి పోవుటకు నాలుగు కిలోల ఎండుటాకు తినవలెను. పచ్చి ఆకైనచో అంతకు అనేక రెట్లు కావలెను. దానితోపాటు మిగిలిన నూరు చిల్లర ఆల్కలాయిడులును కడుపులోనికి పోవును. నాలుగాకులు నమిలినందువలన కాన్సరు పోదు; నలుబది గుప్పెళ్ళు తిన్నచో మనిషియే మిగులడు. కాన్సరునకు ఆకు రసము త్రాగి ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయుట ప్రాణముతో చెలగాటమాడుటయే.

చక్కెర వ్యాధికి ఆకు రసము: నా అభిప్రాయము

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక మెట్ట గ్రామమున రైతుల సభకు పోయియుంటిని. సభ ముగిసిన పిమ్మట ఒక పెద్ద రైతు కుంటుచు నా యొద్దకు వచ్చెను. చక్కెర వ్యాధికి డాక్టరిచ్చిన మాత్రలు మానివేసి, నాలుగు నెలలు బిళ్ళగన్నేరాకు రసము త్రాగినాడట. ఆ నడుమ కాలిలో తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నది. పుండు మానలేదు. తుదకు పట్టణపు ఆసుపత్రిలో రెండు వ్రేళ్ళు తీసివేసిరి. "తీపి జబ్బుకు చేదే మందు గదా అనుకున్నానండి" అని ఆయన చెప్పిన మాట నేను మరువలేదు.

ఆయన తెలివితక్కువవాడు గాడు. కాకర, వేప, మెంతులు వాడు ఇంటిలో పెరిగినవానికి ఆ ఆలోచన సహజము. కాని బిళ్ళగన్నేరు కాకర గాదు. దీని ఆకుసారము జంతువులలో చక్కెరను కొంత తగ్గించినట్లు కొన్ని పరిశోధనలు కలవు. మనుష్యులలో ఇది నమ్మకముగా పనిచేయునని గాని, దీర్ఘకాలము వాడిన హాని లేదని గాని ఋజువు కాలేదు. ఒక మొక్కలోని సారము మరియొక మొక్కలో నుండదు. లేతాకులో నున్నంత ముదురాకులో నుండదు. వేసవి ఆకు వేరు, వానకాలపు ఆకు వేరు. మోతాదు నిలుకడగా లేని వస్తువును మందని యెట్లు చెప్పుట? ఇంటిలో ఈ మొక్క సారము త్రాగి, రక్తకణములు ప్రమాదకరముగా పడిపోయి ఆసుపత్రిలో చేరినవారిని గురించి వైద్య పత్రికలలో నమోదయినది. గర్భిణీస్త్రీలు దీనిని లోనికి పుచ్చుకొనుట ఎంతమాత్రము కూడదు.

కావున నా అభిప్రాయ మిది: పూవును పూజకు వాడుకొనుడు, మొక్కను అందమునకు పెంచుకొనుడు, ఆకును మాత్రము నోట పెట్టకుడు. ఇప్పటికే త్రాగుచున్నవారు ఆ సంగతిని డాక్టరుకు దాచక చెప్పుడు. మాత్రలు కొనుటకు డబ్బు చాలని బీదవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో చక్కెర వ్యాధి మందులు ఉచితముగా ఇచ్చు ఏర్పాటున్నది; ఆ దారి వారికి చూపుట మనందరి విధి.

సాగు చేయదలచినవారికి

మందులకొరకు ఈ పంటను పండించుట మంచి పనియే. తమిళనాటి దక్షిణపు మెట్ట జిల్లాల రైతులు దీనిని చాలకాలముగా పండించుచున్నారు. ఎఱ్ఱ ఇసుక నేలలలోను, పెద్దగా సత్తువ లేని భూములలోను గూడ వచ్చును. వానకు తట్టుకొనును, ఎండకు తట్టుకొనును. నీరు నిలుచుటకు మాత్రము తట్టుకొనదు. నీరు నిలిచినచో కొమ్మలు కొననుండి నల్లబడి ఎండిపోవు తెగులు వచ్చును.

విత్తనము బహు సన్నము. నేరుగా చల్లువారు ఇసుకలో కలిపి చల్లవలెను. నారుపోసి నాటువారు వరుసల నడుమ 45 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 30 సెంటీమీటర్ల ఎడముంచవలెను. పాత విత్తనము సరిగా మొలవదు. అప్పుడు కోసినదే మేలు. నర్సరీలలో అమ్ము రంగురంగుల రకములు పూలకొరకు పెంచినవి. వానిని మందు పంటగా వేయరాదు. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమాప్) 'నిర్మల్', 'ధవళ్' అను తెల్లపూల రకములను విడుదల చేసినది. ఆ సంస్థ పరిశోధన కేంద్రము హైదరాబాదులోని బోడుప్పలులో నున్నది. నాటిన ఆరు నెలలకు ఒకసారి, తొమ్మిది నెలలకు మరియొకసారి ఆకు దూసి, సంవత్సరము నిండగానే వేళ్ళు త్రవ్వవలెను. ఆకును నీడలో ఆరబెట్టవలెను. ఎండువేరు వర్షాధారముగా ఎకరమునకు సుమారు 300 కిలోలు వచ్చును. ఎండుటాకు దంచునప్పుడు, మూటలు కట్టునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, పని ముగియగానే చేతులు కడుగుకొనవలెను.

పంట పండించుట కష్టము గాదు, అమ్ముట కష్టము. వడ్లు అమ్ముడుపోకున్న తినవచ్చును. జొన్న అమ్ముడుపోకున్న పశువులకు వేయవచ్చును. బిళ్ళగన్నేరాకు అమ్ముడుపోకున్న దానిని పశువు గూడ ముట్టదు. కొనువాడొక్కడు, అమ్మువారు వందమంది అయినచో ధర ఎవరి చేతిలో నుండునో వేరుగా చెప్పనక్కరలేదు. పైగా 2022లో శాస్త్రజ్ఞులు విండోలిను, కాథరాంథినులను ఈస్టు కణములచేత తయారు చేయించి, ఆ రెంటిని కలిపి విన్‌బ్లాస్టిను చేయగలిగిరి. అది పరిశోధనశాల దశలోని విజయమే. అయినను రేపటి గిరాకి నేటివలెనే యుండునని ఎవరును హామీ యీయలేరు.

కావున విత్తనము చల్లుటకు ముందే కొనువానితో వ్రాతపూర్వకమగు ఒడంబడిక చేసికొనుడు. ఏ భాగము కొందురు, తేమ ఎంతవరకు ఒప్పుదురు, ధర ఎంత, సొమ్ము ఎన్నినాళ్ళలో ఇత్తురు అను నాలుగు సంగతులు అందులో నుండవలెను. మొక్కలు తామే అమ్మి, పంటను తామే కొందుమని చెప్పి ముందుగా డబ్బు వసూలు చేయువారిని నమ్మకుడు. మొదటి సంవత్సరము పావు ఎకరమునకు మించి వేయకుడు.

నువ్వు రైతులకు ఒక హెచ్చరిక

మరియొక సంగతి బిళ్ళగన్నేరు పండించనివారికి గూడ అవసరము. నువ్వు చేలో పూలు పచ్చని ఆకులుగా మారిపోవు వెర్రి తెగులును మీరెరుగుదురు. దానికి కారణమైన ఫైటోప్లాస్మా అను సూక్ష్మజీవి బిళ్ళగన్నేరుకు గూడ సోకును. దీపపు పురుగులు దానిని ఒక మొక్కనుండి ఇంకొక మొక్కకు చేరవేయును. కావున పెరటిలో గాని, చేని గట్టున గాని బిళ్ళగన్నేరు పూలు ఆకుపచ్చగా మారి, ఆకులు పసుపుబారి చిన్నవైనచో, అది ఏదో వింత రకమని ముచ్చటపడక, పెరికి కాల్చివేయుడు.

గ్రామోద్యోగులు చేయవలసినది

ఈ విషయమున గ్రామోద్యోగుల బాధ్యత పెద్దది. వ్యవసాయ సహాయకులు గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరుల కొమ్మలను మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి బడిలో ఒక గంట పాఠము చెప్పించిన చాలును. ఆశా కార్యకర్తలు చక్కెర వ్యాధిగ్రస్తులను చూడబోయినప్పుడు "ఆకు రసమేమైన త్రాగుచున్నారా?" అని అడుగవలెను. తిట్టినచో దాతురు, మెల్లగా అడిగినచో చెప్పుదురు. పంచాయతీవారు సంతలలో ఈ ఆకు పొడిని కాన్సరు మందని అమ్మువారిని గమనించి పైవారికి తెలుపవలెను.

పూర్వులు ఈ మొక్కలో ఏదో మహిమ కలదని తలచిరి. అది తప్పు గాలేదు. కాని ఆ మహిమ ఆకునుండి మందుగా మారుటకు టన్నులకొలది ఆకును, అనేక సంవత్సరముల పరిశ్రమయు కావలసివచ్చినది. ఆ నడిమి దూరమును ఒక్క గుటకలో దాటవచ్చునని తలచుటయే ప్రమాదము. రేపు ఉదయమున మీ వాకిట ఈ పూవును చూచినప్పుడు ఈ నాలుగు మాటలు తలచుకొని, చక్కెర వ్యాధితో బాధపడుచున్న పొరుగువాని కొక్కనికైనను చెప్పెదరని ఆశించుచున్నాను.